నందికొండలో నాటకాల రోజులు

సంక్రాంతి దాటిందంటే నాగార్జునసాగర్ డ్యామ్ దగ్గరి నందికొండలో నాటకాల కాలం మొదలయ్యేది. కృష్ణకు వరదలు తగ్గి, డ్యామ్ మీద రాత్రి డ్యూటీలు సడలి, చలి వెనకబట్టే ఆ రోజుల నుంచి శ్రీరామనవమి పందిళ్లు విప్పేదాకా హిల్‌కాలనీలోనో పైలాన్ కాలనీలోనో ఎక్కడో ఒకచోట హార్మోనియం వినబడుతూనే ఉండేది. నేను చెబుతున్నది 1970ల నాటి మాట. ఇప్పుడు నాగార్జునసాగర్ అంటే గేట్లెత్తినప్పుడు కార్లేసుకుని వచ్చి, చేపల వేపుడు తిని, ఫొటోలు దిగి వెళ్లే చోటు. మాకు అది ఊరు. ఆ ఊళ్లో రాత్రి రెండు గంటలదాకా వందలమంది మేలుకుని పద్యాలు విన్న కాలం ఒకటి ఉండేదని చెప్పగలిగినవాళ్లం ఇప్పుడు కొద్దిమందిమే మిగిలాం.

ఆ ఊరు పుట్టిన తీరు తెలిస్తే తప్ప ఆ నాటకాల సంగతి అర్థం కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన తర్వాతే ఈ గుట్టల మీదికి జనం వచ్చారు. శంకుస్థాపన గుర్తుగా నిలిపిన పైలాన్ పేరే ఒక కాలనీకి పేరైంది. గుట్ట మీద కట్టినది హిల్‌కాలనీ. ఆనకట్టను యంత్రాల కంటే మనుషుల చేతులనే నమ్ముకుని రాతితో కట్టారు. వేలాదిమంది పరంజాల మీద బారులు తీరి రాయి, సిమెంటు తలకెత్తుకుని ఎక్కినది ఈ కట్టడం. ఆ పనికి పాలమూరు నుంచి గుంపు మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి కూలీలను కుటుంబాలతో సహా తీసుకొచ్చారు. గుంటూరు, ఒంగోలు వైపుల నుంచి గుమస్తాలు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. హైదరాబాదు నుంచి ఉర్దూ మాట్లాడే సర్వేయర్లు, డ్రాఫ్ట్స్‌మన్‌లు వచ్చారు. మెషీన్ల దగ్గర అరవం మాట్లాడేవాళ్లు ఉండేవారు. మా నాయిన అచ్చంపేట వైపు పల్లె నుంచి గుంపులో రాళ్ల పనికి వచ్చి, తర్వాత వర్క్‌చార్జ్‌డ్ ఉద్యోగి అయినవాడు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన రోజున నేను ఆయన భుజాల మీద ఉన్నానని మా అమ్మ చెప్పేది.

అంటే ఆ ఊరు ఎవరి సొంతూరూ కాదు. అక్కడ ఎవరికీ తాతల నాటి ఇల్లు లేదు, ఇలవేల్పు గుడి లేదు, జాతర లేదు. పండగకు సొంతూరు పోవాలంటే సెలవు దొరకదు, దొరికినా బస్సు ఖర్చు భారం. అందుకని ఎవరి ఆటను వాళ్లు వెంట తెచ్చుకున్నారు. తెచ్చుకున్నదాన్ని తమ బిడారుల్లోనే దాచుకోకుండా అందరి ముందూ ఆడారు. నాకు ఆ కాలం మీద ఉన్న ప్రేమంతా ఈ ఒక్క సంగతి వల్లనే.

ఆటలు ఎక్కువగా కాలనీ హాల్లో జరిగేవి. పెద్దదేమీ కాదు. రాతిగోడలు, పైన సిమెంటు రేకులు, ఒక చివర నడుమెత్తు వేదిక, దాని వెనక సామాన్ల గది. మాఘం వెళ్లి ఎండలు ముదిరితే రేకుల కింద కూర్చోలేక ఆటను బయటి మైదానంలోకి మార్చేవారు. పగలంతా కాగిన రాతినేల రాత్రి పదింటిదాకా చాప కింద వెచ్చగా తగిలేది. టికెట్టు ఉండేది కాదు, చందా ఉండేది. జీతాల రోజున ఆఫీసు వరండాలో చందా పుస్తకం పట్టుకుని ఇద్దరు నిలబడేవారు. ఇంజనీరు ఇంత, గుమస్తా ఇంత, ఖలాసీ ఇంత అని రాసిపెట్టని లెక్క ఒకటి ఉండేది. ఇయ్యలేని వాళ్లను ఎవరూ అడిగేవారు కాదు. సాయంత్రం ఒక జీపు మైకు కట్టుకుని రెండు కాలనీలూ తిరిగేది. ఆ మైకు వినగానే మా అమ్మ జొన్నరొట్టెలు పెందలాడే కాల్చేది. చీకటి పడకముందే ఆడవాళ్లు చాపలు, గొంగళ్లు పరిచి ముందు వరుసల్లో జాగా పట్టేవారు.

కాలం మొదలయ్యేది పద్యనాటకంతో. తెరలు, కిరీటాలు, భుజకీర్తులు తెనాలి నుంచో గుంటూరు నుంచో అద్దెకు వచ్చేవి. లారీ మీది నుంచి ఆ ట్రంకు పెట్టెలు దించుతుంటే పిల్లలం చుట్టూ మూగేవాళ్లం. రాజదర్బారు తెర, అడవి తెర, వీధి తెర. వాటిని విప్పి వెదురుకు కట్టేటప్పుడు పాత రంగుల వాసన హాలంతా నిండేది. ఆట మొదలయ్యే ముందు నటులంతా వరసగా నిలబడి నాందీ ప్రార్థన పాడేవారు. తెలుగు నాటకానికి నాందిగా స్థిరపడిపోయిన ఆ గీతం రాసిన చందాల కేశవదాసు అప్పటి మా నల్లగొండ జిల్లా కోదాడ దగ్గరి తమ్మరలో బతికిన మనిషి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు పాటలు రాసిన చెయ్యి కూడా ఆయనదే. ఆ ప్రార్థన మొదట 'కనకతార' నాటకానికి రాసింది. తర్వాత ఏ నాటకమైనా, ఏ ఊరైనా అదే ప్రార్థన అయింది. కోస్తా నుంచి వచ్చిన నటులు మా జిల్లావాడి పాటతో మొదలుపెడుతున్నారని మా తెలుగు సారు గర్వంగా చెప్పేవాడు.

'కురుక్షేత్రం' ఆడిన రాత్రి ఊరు ఊరంతా హాలు దగ్గరే ఉండేది. అప్పట్లో పేరున్న నటులను ఒక్కో పాత్రకు విడివిడిగా మాట్లాడుకుని తెప్పించే పద్ధతి. అందుకే ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు ఉండేవారు. పడకసీనుకు ఒకరు, రాయబారానికి ఇంకొకరు. కొత్తగా చూసేవాడికి ఇది వింతగా తోచవచ్చు. మాకు అదే రుచి. ఒకే పాత్రను ఒకే రాత్రి ఇద్దరు ఎట్లా మోస్తారో పక్కపక్కన పెట్టి చూసేవాళ్లం. ఒకాయన రాగం తీసి తీసి పద్యాన్ని గాలిలో నిలబెట్టేవాడు. రెండో ఆయన రాగం తగ్గించి మాటను విరిచి చెప్పేవాడు. హాలు రెండుగా చీలిపోయేది. పద్యం బాగుంటే వెనక నుంచి 'వన్స్‌మోర్' అని కేక లేచేది. నటుడు ఉన్నచోటనే నిలబడి, హార్మోనియం వైపు ఒకసారి చూసి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటివాళ్ల పద్యాలను గ్రామఫోను ప్లేట్ల మీద విన్న చెవులు అవి. ఎక్కడ గమకం తప్పినా పట్టేసేవి.

బయటి నటులను పిలవడానికి డబ్బు చాలని ఏడాది మా కాలనీవాళ్లే వేషాలు కట్టేవారు. నా మనసులో నిలిచినవి ఆ రాత్రులే. గేట్ల సెక్షన్లో పనిచేసే ఒక ఫిట్టరు కృష్ణుడు. స్టోర్స్ గుమస్తా దుర్యోధనుడు. కర్ణుడి వేషం కట్టేది జీపు డ్రైవరు. ఆట మూడు నెలలు ఉందనగా సాయంత్రాలు హాల్లో రిహార్సల్స్ మొదలయ్యేవి. హార్మోనియం మాస్టారు కుడిగట్టు నుంచి సైకిలు మీద వచ్చేవాడు. చదువు అంతగా రాని డ్రైవరుకు పద్యాలు ఒకరు చదివి వినిపిస్తే, ఆయన స్టీరింగు పట్టుకుని పాడుకుంటూ కంఠతా పట్టేవాడు.

ఆట రోజు మధ్యాహ్నం నుంచే సామాన్ల గదిలో మేకప్ మొదలు. పిల్లలను రానిచ్చేవారు కాదుగానీ, మంచినీళ్ల కుండ నింపే పని నాది కాబట్టి నాకు అడ్డులేదు. మేకప్ ఆయన కింద చాప మీద కూర్చుని తెల్లరంగు, పసుపు, ఎరుపు, నీలం పొడులను కొబ్బరినూనెలో నూరేవాడు. ఫిట్టరు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉండేవాడు. ముందు మొహమంతా నూనె, దాని మీద నీలం కలిపిన రంగు, తర్వాత పౌడరు అద్దకం, చివరన కనుబొమలు, తిలకం. మొహానికి రంగు పట్టేది, చేతులతోనే తిప్పలు. ఏళ్ల తరబడి గ్రీజు, ఇనుము పట్టి పగిలిన ఆ అరచేతుల్లో నల్లని గీతలు ఎంత తోమినా పోయేవి కావు. ఆయన రెండు రోజుల ముందు నుంచే రాత్రి కొబ్బరినూనె పట్టించి, గుడ్డ చుట్టుకుని పడుకునేవాడట. ఆ చేతుల మీద మేకప్ ఆయన రెండు పూతలు వేసేవాడు. గంట తర్వాత పెట్రోమాక్స్, కరెంటు బల్బుల వెలుగులో ఆ చెయ్యి పైకెత్తి అభయం ఇస్తే ముందు వరుసలోని ముసలమ్మలు దండం పెట్టేవారు. మరునాడు ఉదయం షిఫ్టులో అదే మనిషి ఖాకీ నిక్కరులో గేటు మోటారు కింద పడుకుని కనిపించేవాడు. చెవుల వెనక నీలం ఇంకా పోయి ఉండేది కాదు. పక్కనున్న ఖలాసీలు ఆ రోజంతా ఆయన్ను 'కృష్ణయ్యా' అనే పిలిచేవారు. అందులో ఎగతాళి లేదు. నిజంగానే వాళ్ల చూపు మారేది.

పద్యనాటకాల తర్వాత సాంఘిక నాటికల వంతు. వీటిని ఉద్యోగులే వేసేవారు. ఆత్రేయ 'ఎన్జీవో' ఆడితే ప్రతి క్వార్టరూ తన ఇంటిని చూసుకున్నట్టు ఉండేది. జీతం చాలని గుమస్తా కథ జీతం చాలని గుమస్తాల ముందు ఆడుతుంటే హాల్లో నవ్వూ ఏడుపూ ఒకేసారి వినబడేవి. తెర పక్కన ప్రాంప్టర్ చేతిలో టార్చిలైటు, నోటుపుస్తకం. స్త్రీ పాత్రలకు గుంటూరు, విజయవాడల నుంచి నటీమణులు వచ్చేవారు. వాళ్లకు బస ఏదో ఒక క్వార్టర్లో కుటుంబం మధ్య ఏర్పాటయ్యేది. ఇంటి ఆడపడుచుకు పెట్టినట్టు పసుపుకుంకుమ, జాకెట్టు గుడ్డ పెట్టి పంపేవారు. బయట ఆ వృత్తిని చిన్నచూపు చూసే రోజుల్లో మా కాలనీ ఆడవాళ్లు చూపిన ఆ మర్యాద నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

బుర్రకథకు మాత్రం కుడిగట్టు, ఎడమగట్టు అన్న తేడా లేకుండా జనం విరగబడేవారు. ఏరు దాటితే పల్నాడు. మాచర్ల, కారంపూడి పేర్లు పల్నాటి యుద్ధం కథలో వచ్చినప్పుడల్లా అవతలి గట్టువాళ్లు ఈలలు వేసేవారు. మధ్యలో కథకుడు తంబురా భుజాన వేసుకుని, బొటనవేలి అందెలతో తాళం కొడుతూ ముందుకూ వెనక్కూ అడుగులేస్తుంటే, ఇటు వంత హాస్యం, అటు వంత రాజకీయం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను ఊరూరికీ చేర్చిన మహానుభావుడు. ఆయన ఒరవడిలో చెప్పేవాళ్లే మా వేదిక ఎక్కినవాళ్లంతా. రాజకీయం చెప్పే వంత మా వైపు తిరిగి కరువు మాటలు, నీళ్ల మాటలు అందుకుంటే ఎడమగట్టువాళ్లు లేచి నిలబడేవారు. నల్లగొండ జనానికి పాట, కథ కాలక్షేపం మాత్రమే కాదు. సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, పిట్టలదొర వంటి పల్లె రూపాల్లోనే ప్రజలను కదిలించాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మాభూమి' నాటకం మా జిల్లా కథనే ఆంధ్ర ప్రాంతమంతా చూపించింది. ఆ జ్ఞాపకం ఉన్న పెద్దలు ఇంకా హాల్లో కూర్చుని ఉండేవారు.

ఇక మా పాలమూరోళ్ల చిరుతల రామాయణం. దీనికి హాలు పనికిరాదు, మైదానం కావాలి. నడుమ ఒక గుంజ, దానికి దీపం. చుట్టూ ఇరవైముప్పైమంది మగవాళ్లు గుండ్రంగా, కాళ్లకు గజ్జెలు, చేతుల్లో చిరుతలు. పంతులు ఒక చరణం ఎత్తుకుంటాడు. గుంపు అందుకుంటుంది. చిరుతలు ఒక్కటే దెబ్బగా పడతాయి. అడుగు ముందుకు రెండు, పక్కకు ఒకటి, ఒంగి లేచి మళ్లీ తిరగడం. పాట జోరు పెరిగేకొద్దీ వలయం బిగుస్తుంది. దుమ్ము మోకాళ్లదాకా లేస్తుంది. రాముడి వేషం, సీత వేషం వలయం లోపలికి వచ్చి తమ మాట చెప్పి మళ్లీ వలయంలో కలిసిపోతాయి. ఒక రాత్రితో అయ్యేది కాదు. పట్టాభిషేకం నాటికి కొన్ని రాత్రులు గడిచేవి. చివరి రాత్రి చదివింపులు. రూపాయి ఇచ్చినవాడి పేరూ, పది ఇచ్చినవాడి పేరూ ఒకే గొంతుతో చదివేవారు. మా నాయిన లక్ష్మణుడు. ఇంట్లో నాలుగు మాటలు కూడా మాట్లాడని మనిషి అక్కడ గొంతెత్తితే ఈయన మా నాయినేనా అనిపించేది.

ఒకసారి పక్క క్వార్టరులో ఉండే గుంటూరు గుమస్తా గారు ఆయన్ను అడిగాడు, "అన్నగారూ, రాత్రంతా అట్లా తిరుగుతూనే ఉంటారే, కాళ్లు నొప్పి పుట్టవూ?" మా నాయిన చుట్ట తీసి, "పొద్దంత రాళ్లు మోసిన కాళ్లు సారూ, ఆడితెనే నొప్పి పోతది" అన్నాడు. మరుసటి ఏడు ఆ గుమస్తా గారు హార్మోనియం మాస్టారును వెంటబెట్టుకొచ్చి చిరుతల దరువులు నోటుపుస్తకంలో రాయించుకున్నాడు. రాయబారం సీనుకు మా పంతులూ ముందు వరుసలో కూర్చుని పద్యాలు నేర్చుకున్నాడు. ఎవరూ ఎవరినీ చిన్నచేయలేదు. హోలీకి చుట్టుపక్కల తండాల నుంచి లంబాడీ ఆడవాళ్లు అద్దాల రవికలతో, దంతపు గాజులతో వచ్చి ఆడిపోయేవారు. ఒక రాత్రి సర్వేయర్ల ఇళ్లవాళ్లు ఖవ్వాలీ పెట్టేవారు. మాట అర్థం కాకపోయినా మా అమ్మ చప్పట్లు కొట్టేది. ఒకే కొలువులో పనిచేసేవాళ్లు ఒకరి ఊరి పాట ఒకరు వినడంవల్లే అది ఊరైంది.

ఆ నేలకు ఆటలు కొత్త కూడా కాదు. మా జలాశయం అడుగున మునిగినది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. నీళ్లు నిలవకముందు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో బౌద్ధ విహారాలు, స్తూపాలతోపాటు నాలుగు వైపులా మెట్లున్న ఒక రంగస్థలం బయటపడింది. పక్కనే హారీతి గుడి. సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున జనం మెట్ల మీద కూర్చుని ఆటలు చూశారన్నమాట. మునిగిపోయేవాటిలో కొన్నింటిని విప్పి తెచ్చి మళ్లీ కట్టినప్పుడు ఆ రంగస్థలాన్ని కుడిగట్టున అనుపులో నిలబెట్టారు. స్కూలు వాళ్లు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడు సారు నడుమన నిలబడి మెల్లగా పద్యం ఎత్తుకుంటే పై మెట్టు మీద కూర్చున్న మాకు స్పష్టంగా వినబడింది. రాయిని విప్పి మరోచోట పేర్చవచ్చు. దాన్ని కట్టినవాళ్లకు ఆ విద్య ఉంది. మా రంగస్థలం మనుషులతో కట్టినది, దాన్ని అట్లా పేర్చడం ఎవరి చేతా కాలేదు.

పని పూర్తికావడమే దానికి ముగింపు. 1974 నాటికి ఆనకట్ట మీద 26 గేట్లూ లేచాయి. ఆ తర్వాత బదిలీ ఉత్తర్వులు మొదలయ్యాయి. కొందరు శ్రీశైలం పోయారు, కొందరు జూరాల పోయారు, కొందరు పనిలోంచి తీసేస్తే సొంతూళ్లకు మళ్లారు. ఒక ఏడు కృష్ణుడు లేడు. మరో ఏడు కృష్ణుడు దొరికాడు గానీ హార్మోనియం మాస్టారు లేడు. నాటకం ఒక్కరి విద్య అయితే ఆ ఒక్కడు ఎక్కడున్నా బతికేది. ప్రాంప్టరు, మేకప్, తబలా, చందా పుస్తకం పట్టేవాడు, మంచినీళ్లు మోసే పిల్లవాడు, అర్ధరాత్రి కూడా వన్స్‌మోర్ అనే చెవి, ఇంతమంది ఒకచోట ఉంటేనే అది నిలుస్తుంది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. పదేళ్లు తిరక్కముందే రామాయణం ఆదివారం పొద్దున ఇళ్లలోకే వచ్చేసింది. కాలనీలో టీవీ ఉన్న ఇళ్ల ముందు చెప్పులు గుట్టలు పడ్డాయి. దాన్నొక్కదాన్నే తప్పుపట్టలేను. అప్పటికే మా మైదానంలో వలయం కట్టడానికి సరిపడా మనుషులు లేరు. ఖాళీ క్వార్టర్ల తలుపులు ఊడాయి, హాల్లో కొన్నాళ్లు గోతాలు నింపారు.

ఆనకట్ట కట్టినవాళ్లలో పాలమూరు కూలీలకు దాని నీళ్లు అందలేదు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలను పచ్చగా చేసింది, సంతోషమే. మా నాయిన సొంతూరు మాత్రం వానకే ఎదురుచూసింది. అటువంటి మనుషులు ఇక్కడ వదిలివెళ్లిన మరో సంపద ఈ ఆట. రాళ్లు మోసిన లెక్క ఎక్కడో రికార్డుల్లో ఉంటుంది, పాడిన లెక్క ఎక్కడా లేదు.

ఆ కళలు పుట్టిన నేల ఇప్పటికీ గొడ్డుపోలేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్యకు 2022లో, బుర్రవీణ పట్టిన నారాయణపేట జిల్లా దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ పాలమూరు బిడ్డలే. బిరుదు వచ్చాక అందరం చప్పట్లు కొట్టాం. కానీ వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లలను తయారుచేయడం చప్పట్లంత తేలిక కాదు.

నందికొండ ఇప్పుడు మున్సిపాలిటీ. 2022లో 274 ఎకరాల్లో బుద్ధవనం తెరిచారు. దేశదేశాల నుంచి జనం వస్తున్నారు. అంత చేయగలిగిన చోట ఇంకొంచెం చేయవచ్చు. ఆనాడు వేషం కట్టినవాళ్లు, చిరుతలు పట్టినవాళ్లు ఎనభైల్లో ఉన్నారు. మాచర్లలో కొందరు, అచ్చంపేటలో కొందరు, శ్రీశైలం ప్రాజెక్టు కాలనీలో కొందరు. వాళ్ల గొంతులు రికార్డు చేయాలి. దరువులు రాసిపెట్టాలి. చూడవచ్చేవాళ్లకు ఆనకట్ట పొడవు, ఎత్తు చెప్పే చోటనే, దాన్ని కట్టినవాళ్లు రాత్రిపూట ఏం పాడుకున్నారో కూడా చెప్పాలి. కాలనీ బడుల్లో సంక్రాంతి తర్వాత పిల్లలతో ఒక రాయబారం సీను, ఒక బుర్రకథ, ఒక రాత్రి చిరుతలు ఆడించడానికి పెద్ద ఖర్చు కాదు. నేర్పేవాళ్లు ఇంకా బతికే ఉన్నారు, పిలిస్తే వస్తారు. మా తరం చేయాల్సిన పని వాళ్ల ఇళ్లు వెతికి తలుపు తట్టడమే, అదీ ఈ ఏడే.